వ్యవసాయ పట్టభద్ర విద్యలో ఇంటర్న్‌షిప్ ప్రణాళిక: పంట కాలం ప్రాతిపదికగా నాలుగేళ్ల క్రమం

సారాంశం

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థి క్షేత్రానుభవం చాలావరకు నాలుగవ సంవత్సరపు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికే పరిమితమవుతోంది. ఆ కార్యక్రమంలో గ్రామవాసానికి లభించే ఎనిమిది వారాలలో ఒక పంటను విత్తు నుండి కోత వరకు చూడడం సాధ్యం కాదు. కనుక మొదటి సంవత్సరం నుండే సెలవులను, వారాంతాలను పంట కాలానికి అనుసంధానించి, ఒక పంట లేదా ఒక సమస్య చుట్టూ చిన్న చిన్న అనుభవాలను క్రమంగా పేర్చుకోవలసి ఉంటుంది. వేసవిలో మట్టి, విత్తన పరీక్షలు, వానాకాలంలో పొలం పరిశీలన, కోత కాలంలో దిగుబడి అంచనా అనే వరుసను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. విద్యార్థికి ఆతిథ్యమిచ్చే కేంద్రాల శాస్త్రవేత్తల బాధ్యతలను, విద్యార్థుల ఆర్థిక పరిమితులను కూడా చర్చిస్తున్నది.

ముఖ్య పదాలు: ఇంటర్న్‌షిప్, గ్రామీణ కృషి అనుభవం, పంట కాలం, క్షేత్ర దినచర్య, విస్తరణ విద్య

పరిచయం

వ్యవసాయ విద్యలో పొలం పనిని పాఠ్యాంశంగా గుర్తించడం కొత్త విషయం కాదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2015 జూలై 25న ప్రారంభించిన స్టూడెంట్ రెడీ కార్యక్రమం, ఆ తరువాత 2016-17 నుండి అమలులోకి వచ్చిన ఐదవ డీన్ల కమిటీ సిఫారసులు, నాలుగవ సంవత్సరాన్ని దాదాపు పూర్తిగా అనుభవ విద్యకు కేటాయించాయి. మన విశ్వవిద్యాలయాలలో రావెప్‌గా వ్యవహరించే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం అందులో ప్రధాన భాగం. ఐదవ డీన్ల కమిటీ నమూనా ప్రకారం ఈ సెమిస్టరులోని 20 వారాలలో ఒక వారం అవగాహన శిక్షణకు, 8 వారాలు గ్రామవాసానికి, 5 వారాలు పరిశోధనా స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో పనికి, 2 వారాలు సస్య ఆరోగ్య కేంద్రానికి, 3 వారాలు వ్యవసాయాధారిత పరిశ్రమకు, చివరి వారం నివేదికకు, మూల్యాంకనానికి కేటాయించబడ్డాయి.

జాతీయ విద్యా విధానం 2020కి అనుగుణంగా రూపొందిన ఆరవ డీన్ల కమిటీ సిఫారసులు ఇంటర్న్‌షిప్‌కు మరొక స్థానాన్ని కల్పించాయి. మొదటి సంవత్సరం తరువాత సర్టిఫికెట్‌తోను, రెండవ సంవత్సరం తరువాత డిప్లొమాతోను చదువు విరమించదలచిన విద్యార్థి 10 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయవలసి ఉంటుంది. చదువు కొనసాగించే విద్యార్థికి ఈ నియమం వర్తించదు. అంటే పట్టా పొందే అధిక సంఖ్యాకులకు మొదటి మూడు సంవత్సరాలలో క్షేత్రానుభవం ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది చాలావరకు వారి సొంత నిర్ణయంగానే మిగులుతున్నది. ఆ నిర్ణయాన్ని ఏ ప్రాతిపదికపై తీసుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎనిమిది వారాల పరిమితి

ఎనిమిది వారాలంటే 56 రోజులు. సాంబ మసూరి వంటి దీర్ఘకాలిక వరి రకం పంటకాలం సుమారు 150 రోజులు. గ్రామంలో నివసించే విద్యార్థి ఆ పంటలో మూడింట ఒక వంతుకు కొద్దిగా మించి మాత్రమే చూడగలుగుతాడు. పత్తి, కంది, మిరప వంటి పంటల విషయంలో ఈ వాటా మరింత తగ్గుతుంది. నాట్లు చూసిన బృందం కోత చూడదు. కోత చూసిన బృందానికి విత్తన ఎంపికలో రైతు పడిన తర్జనభర్జన తెలియదు.

దీని ప్రభావం రైతుతో జరిగే సంభాషణలో స్పష్టంగా వ్యక్తమవుతుంది. మొదటిసారి పొలంలో అడుగుపెట్టిన విద్యార్థి మొదటి రెండు మూడు వారాలు పంటను, మాండలికాన్ని, గ్రామాన్ని తెలుసుకోవడంలోనే గడుపుతాడు. ఎకరం, సెంటు, బస్తా, పుట్టి వంటి స్థానిక కొలతలను హెక్టారుకు, క్వింటాలుకు మార్చుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటాడు. పొలం పనుల ఒత్తిడిలో ఉన్న రైతు ఈ ప్రాథమిక పాఠానికి తన సమయాన్ని వెచ్చిస్తున్నాడు. ముందే సిద్ధపడి వచ్చిన విద్యార్థి అదే సమయంలో రైతుకు ఉపయోగపడే ఒక చిన్న పని చేసి వెళ్లగలడు. మొదటి మూడేళ్ల ప్రణాళిక ప్రయోజనం ఇక్కడే ఉన్నది.

కళాశాల కాలం, పంట కాలం: పొంతన

ఇంజనీరింగ్, వాణిజ్య విద్యార్థుల ఇంటర్న్‌షిప్ నమూనాను వ్యవసాయ విద్యకు యథాతథంగా అన్వయించడం కుదరదు. కర్మాగారం, కార్యాలయం ఏడాది పొడవునా పనిచేస్తాయి. పొలం అలా కాదు. విద్యార్థికి దీర్ఘమైన సెలవు దొరికేది వేసవిలో. మన ప్రాంతంలో అధిక విస్తీర్ణం ఖాళీగా ఉండేదీ అప్పుడే. నైరుతి రుతుపవనాలు జూన్‌లో ప్రవేశించి విత్తనం పడే సమయానికి విద్యార్థి తరగతికి చేరుకుంటాడు. సెలవులలో ఏదో ఒక చోట నెల రోజులు గడపాలన్న ఆలోచనతో మాత్రమే బయలుదేరిన విద్యార్థి పంటలేని పొలాన్ని చూసి తిరిగి రావడం ఇందువల్లనే జరుగుతుంది.

అయితే వేసవి వ్యవసాయానికి పనిలేని కాలం కాదు. పంట పొలంలో లేనపుడు జరగవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మట్టి నమూనా సేకరణకు ఇదే అనువైన సమయం. రానున్న పంటకు విత్తన శుద్ధి, మొలక పరీక్ష, నిల్వ, రవాణా జరిగేదీ ఈ కాలంలోనే. విత్తనం, ఎరువుల దుకాణాలు సరుకు దించుకునేది, బ్యాంకులు, సహకార సంఘాలు పంట రుణాలకు సిద్ధమయ్యేది ఇప్పుడే. మార్కెట్ యార్డుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గుంటూరు మిరప యార్డుకు, నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు సరుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు. వాటిని చూడదలచిన విద్యార్థి వేసవి సెలవు కోసం వేచి ఉండక రెండవ సెమిస్టరులోనే రెండు మూడు రోజులు కేటాయించుకోవాలి.

దీనిని బట్టి ఒక సాధారణ సూత్రం ఏర్పడుతుంది. సుదీర్ఘమైన వేసవి సెలవును ప్రయోగశాల, విత్తన కేంద్రం, పరిశ్రమ వంటి చోట్లకు. సెమిస్టరు మధ్యలోని వారాంతాలను, చిన్న సెలవులను పంట ఉన్న పొలానికి కేటాయించాలి. వారాంతపు పరిశీలనకు కళాశాలకు సమీపంలోని గ్రామం అనుకూలం. వేసవి పనికి సొంత ఊరు గాని, దూరపు సంస్థ గాని అనుకూలం.

ఒక పంట, నాలుగు సంవత్సరాలు: నమూనా ప్రణాళిక

ప్రణాళికకు ఒక దారం ఉండాలి. ఏటా సంబంధం లేని చోటికి వెళ్లి నాలుగు ధ్రువపత్రాలు సంపాదించిన విద్యార్థి కంటే, ఒకే పంటను నాలుగు దశలలో చూసిన విద్యార్థి ఎక్కువ నేర్చుకుంటాడు. దృష్టాంతంగా కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూములున్న ఒక గ్రామాన్ని తీసుకొనవచ్చు. అక్కడ కాలువ నీరు ఆలస్యమైన ఏడు రైతులు నారు పోయకుండా పొడి దుక్కిలో వరి విత్తుతారు. కూలీల ఖర్చు తగ్గుతుంది. కలుపు సమస్య పెరుగుతుంది. ఈ నేరుగా విత్తే వరి చుట్టూ నాలుగేళ్ల క్రమాన్ని కింది విధంగా అల్లుకొనవచ్చు.

మొదటి సంవత్సరం: చూడడం, మట్టిని తెలుసుకోవడం

మొదటి సంవత్సరం విద్యార్థి నుండి పరిశోధనను ఆశించనవసరం లేదు. వేసవి సెలవులలో రెండు వారాలు గ్రామంలో గడిపి, పది పొలాల నుండి శాస్త్రీయంగా మట్టి నమూనాలు సేకరించగలిగితే అది సరిపోతుంది. పొలంలో వంకర టింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల, 'వి' ఆకారపు గుంత తీసి, 15 సెంటీమీటర్ల లోతు వరకు పలుచని పొరగా మట్టి తీయాలి. గట్లు, చెట్ల నీడ, పశువుల ఎరువు పోసిన చోటు, నీరు నిలిచే పల్లం వదిలివేయాలి. సేకరించిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ అర కిలో మిగిలే వరకు తగ్గించి, నీడలో ఆరబెట్టాలి. తరగతిలో ఒక గంటలో చెప్పే ఈ విధానం పది పొలాలలో చేసిన తరువాత మాత్రమే చేతికి వస్తుంది.

నమూనాలను పరీక్షా కేంద్రానికి చేర్చి, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, లభ్య నత్రజని, భాస్వరం, పొటాష్ ఫలితాలను రైతుకు తిరిగి అందించి వివరించడంతో ఆ పని పూర్తవుతుంది. ఫలితం తిరిగి రైతుకు చేరని నమూనా సేకరణను అసంపూర్ణంగానే పరిగణించాలి.

రెండవ సంవత్సరం: కొలవడం

రెండవ వేసవి విత్తనానికి అనువైనది. విత్తన పరీక్షా ప్రయోగశాలలో గాని, విత్తన శుద్ధి కేంద్రంలో గాని నాలుగు వారాలు గడిపిన విద్యార్థి, 400 గింజలను వందేసి చొప్పున నాలుగు భాగాలుగా మొలక కట్టి, వరికి 14వ రోజున తుది లెక్క తీయడం స్వయంగా చేయాలి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80 అని పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె పొలంలో ఏమవుతుందో లెక్కించడం ఇంటర్న్‌షిప్ నేర్పవలసిన విషయం. 80 శాతం మొలక లెక్కన ఎకరాకు 20 కిలోలు విత్తే రైతు వద్ద ఉన్న సొంత విత్తనం 64 శాతమే మొలకెత్తితే, అదే మొక్కల సాంద్రతకు 25 కిలోలు కావాలి. ఆ తేడాను రైతు అలవాటుగా గుప్పెడు ఎక్కువ చల్లి సర్దుకుంటాడు. దానికి కారణాన్ని అంకెలలో చూపగలగడం విద్యార్థి పని.

ఇదే సంవత్సరం అక్టోబరు నుండి డిసెంబరు మధ్య ఏదో ఒక వారాంతంలో పంట కోత ప్రయోగాన్ని చూడాలి. వరిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూచిన బరువును సుమారు 162తో హెచ్చిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. మడిలో 15 కిలోల ధాన్యం వస్తే ఎకరాకు దాదాపు 2,430 కిలోలు. మడి హద్దు ఒక వరుస అటూ ఇటూ జరిగితే ఈ అంకె ఎంత మారుతుందో పొలంలో నిలబడి చూసిన విద్యార్థి, దిగుబడి గణాంకాలను ఇక ఎప్పుడూ నిర్లక్ష్యంగా చదవడు.

మూడవ సంవత్సరం: ఒక ప్రశ్న

మూడవ సంవత్సరానికి కలుపు యాజమాన్యం, తెగుళ్లు, కీటక శాస్త్రం, విస్తరణ విద్య వంటి అంశాలతో పరిచయం ఏర్పడి ఉంటుంది. ఇప్పుడు విద్యార్థి ఒక ప్రశ్నతో పొలానికి వెళ్లాలి. ప్రశ్న చిన్నదై, ఒక సీజనులో సమాధానం దొరికేదై ఉండాలి. ఉదాహరణకు, "ఈ గ్రామంలో నేరుగా విత్తిన వరిలో కలుపు మొలిచాక చల్లే మందు వాస్తవంగా ఎన్నవ రోజున పడుతోంది?" అన్నది మంచి ప్రశ్న. బిస్‌పైరిబాక్ సోడియం వంటి మందు కలుపు రెండు నుండి నాలుగు ఆకుల దశలో, అంటే సాధారణంగా విత్తిన 15 నుండి 20 రోజుల మధ్య, బాగా పనిచేస్తుంది. రైతు 30వ రోజున చల్లితే కారణం అజ్ఞానమే కానవసరం లేదు. నేలలో పదును లేకపోవచ్చు, పిచికారీ చేసే మనిషి దొరకకపోవచ్చు, దుకాణంలో అరువు దొరికే రోజు వరకు ఆగవలసి రావచ్చు. ఈ కారణాలను వేరు చేసి చూడగలిగితే విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అది కొత్త సమాచారమే.

ఇందుకు నెల రోజుల సెలవు అవసరం లేదు. విత్తిన తరువాత 15వ రోజు నుండి 45వ రోజు వరకు వచ్చే నాలుగు వారాంతాలు చాలు. అర మీటరు చదరపు చట్రాన్ని పొలంలో యాదృచ్ఛికంగా కొన్ని చోట్ల ఉంచి, గడ్డిజాతి, తుంగజాతి, వెడల్పాకు కలుపులను విడివిడిగా లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే చదరపు మీటరుకు కలుపు సాంద్రత వస్తుంది. పత్తి ప్రాంతపు విద్యార్థి ఇదే రీతిలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలలో పడే రెక్కల పురుగులను ప్రతి వారం లెక్కించవచ్చు. మొక్కజొన్న ప్రాంతంలో, 2018లో మన దేశంలో తొలిసారి నమోదైన కత్తెర పురుగు ఉధృతిని పంట వయసుతో పోల్చి చూడవచ్చు.

మూడవ సంవత్సరపు వేసవి దూర సంస్థలకు అనుకూలం. రాజేంద్రనగర్‌లోని వరి, చిరుధాన్యాల, నూనెగింజల జాతీయ పరిశోధనా సంస్థలు, హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మార్టేరు, నంద్యాల, జగిత్యాల, పాలెం వంటి పరిశోధనా స్థానాలు తెలుగు విద్యార్థికి సమీపంలోనే ఉన్నాయి. తన గ్రామంలో ఒక ప్రశ్నను పరిశీలించి వచ్చిన విద్యార్థికి అక్కడ ఏ శాస్త్రవేత్త వద్ద ఏ పని నేర్చుకోవాలో తెలిసి ఉంటుంది.

నాలుగవ సంవత్సరం: ఫలితాన్ని గ్రామానికి చేర్చడం

ఈ క్రమంలో వచ్చిన విద్యార్థికి గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం మొదటి పాఠం కాదు. పదును ఉన్న రోజున సరైన మోతాదులో, సరైన నాజిల్‌తో కలుపు మందు చల్లే పద్ధతి ప్రదర్శనను అతడు తానే నిర్వహించగలడు. ముందు సంవత్సరపు లెక్కలను గ్రామసభలోనో, తెలంగాణలోనైతే రైతు వేదికలోనో రైతుల ముందు ఉంచగలడు. వ్యవసాయ పరిశ్రమలో గడిపే మూడు వారాలలో కూడా అమ్మకాల లక్ష్యాలతో పాటు, ఒక మందు పరిశోధన నుండి దుకాణం వరకు ప్రయాణించే మార్గాన్ని గ్రహించగలడు.

చోటు ఎంపిక, అనుమతి

ప్రభుత్వ సంస్థలలో అనుమతి కళాశాల ద్వారా, సహాధిపతి లేఖతో రావలసి ఉంటుంది. కనుక వేసవికి కనీసం మూడు నెలల ముందు ప్రయత్నం ప్రారంభించడం మంచిది. విద్యార్థి రాసే అభ్యర్థనలో కింది అంశాలు స్పష్టంగా ఉండాలి.

1. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు పనిచేయగలరు.
2. ఇంతవరకు చదివిన పాఠ్యాంశాలు, చేతితో చేసిన పనులు.
3. నేర్చుకోదలచిన ఒకటి లేదా రెండు నిర్దిష్ట నైపుణ్యాలు.
4. వసతి సొంతంగా చూసుకోగలరా, సంస్థ సహాయం కావాలా.
5. పర్యవేక్షించే కళాశాల అధ్యాపకుని పేరు.

"ఏ పనైనా చేస్తాను" అని రాసిన విద్యార్థికి ఏ పనీ ప్రత్యేకంగా కేటాయించబడదు. "మొలక పరీక్ష, విత్తన తేమ నిర్ధారణ నేర్చుకోదలచాను" అని రాసినవారిని ఎక్కడ ఉంచాలో సంస్థకు వెంటనే బోధపడుతుంది.

ఆర్థిక స్థోమత అనే వాస్తవం

ఇంటర్న్‌షిప్ గురించి సలహా ఇచ్చేటపుడు తరచు విస్మరించబడే విషయం ఖర్చు. భృతి లేని పనికి నగరంలో నెల రోజులు ఉండగల స్థోమత అందరికీ ఉండదు. సన్నకారు రైతు, కౌలు రైతు కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థికి వేసవి అంటే ఇంటికి ఆదాయం తెచ్చే కాలం, లేదా తల్లిదండ్రులకు పొలం పనిలో తోడుండే కాలం. అటువంటి విద్యార్థి సంస్థ ధ్రువపత్రం లేదని వెనుకబడినవాడుగా లెక్కించడం న్యాయం కాదు.

పైన ప్రతిపాదించిన క్రమంలో మొదటి రెండు దశలలో అధిక భాగం సొంత ఊరిలోనే చేయదగినవి. సొంత పొలంలో చేసిన పనిని కూడా కొలతలతో, తేదీలతో దినచర్యలో నమోదు చేసి, సమీప కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త లేదా మండల వ్యవసాయాధికారి ధ్రువీకరిస్తే, దానికి ఇంటర్న్‌షిప్‌తో సమానమైన గుర్తింపు ఇవ్వడాన్ని కళాశాలలు పరిశీలించవచ్చు. విద్యార్థినుల విషయంలో వసతి, ప్రయాణ భద్రత ముందుగా నిర్ధారించడం కళాశాల బాధ్యత. ఆ ఏర్పాటు లేనందువల్ల ఒక విద్యార్థిని పొలానికి దూరమైతే అది ఆమె అనాసక్తిగా నమోదు కాకూడదు.

ఆతిథ్య కేంద్రాల బాధ్యత

ప్రణాళిక విద్యార్థిదే అయినా, అది ఫలించడం ఆతిథ్యమిచ్చే శాస్త్రవేత్తపై ఆధారపడి ఉంటుంది. రిజిస్టర్లు తిరగరాయడానికి, సభలలో కుర్చీలు నింపడానికి ఉపయోగించబడిన విద్యార్థి నేర్చుకునేది స్వల్పం. కృషి విజ్ఞాన కేంద్రాలలో క్షేత్ర పరీక్షలు, ప్రథమ శ్రేణి ప్రదర్శనలు, పరిశోధనా స్థానాలలో చిరుసంచుల ప్రదర్శనలు ఏటా జరుగుతుంటాయి. వాటిలో ఒక్క ప్రదర్శన క్షేత్రానికి సంబంధించిన పరిశీలనలను పూర్తిగా ఒక విద్యార్థికి అప్పగించడం ఉభయతారకం. అప్పగించే ముందు కొలిచే పద్ధతిని ఒకసారి చేసి చూపాలి. వారానికి ఒకసారి అతని పుస్తకాన్ని చూడాలి. చివర అరగంట కూర్చోబెట్టి ఫలితాలను చర్చించాలి.

రైతు పక్షాన మరొక మాట. ఒకే గ్రామానికి ఏటా వచ్చే బృందాలు అవే ప్రశ్నావళిని అవే కుటుంబాల వద్ద నింపుతుంటాయి. ముందటి బృందం ఏమి తెలుసుకున్నదో తరువాతి బృందానికి తెలియదు. కళాశాల ప్రతి గ్రామానికి ఒక దస్త్రం నిర్వహించి, మట్టి ఫలితాలు, పంటల సరళి, నీటి వనరులు, గత ప్రదర్శనల ఫలితాలు అందులో చేర్చితే, కొత్త బృందం మొదటి వారంలోనే ముందడుగు వేయగలుగుతుంది. రైతు కూడా ప్రతి సంవత్సరం అదే సమాధానం మళ్లీ చెప్పవలసిన స్థితి నుండి బయటపడతాడు.

క్షేత్ర దినచర్య

నాలుగేళ్ల అనుభవాన్ని కలిపి ఉంచేది దినచర్య పుస్తకం. తేదీ, స్థలం, పంట వయసు, వాతావరణం, చేసిన పని, కొలత, రైతు చెప్పిన మాట, తెలియని విషయం అనే ఎనిమిది అంశాలు రోజుకు అర పేజీలో రాయవచ్చు. రైతు మాటను అతని మాటలలోనే రాసుకోవడం ముఖ్యం. 'తెలియని విషయం' అనే గడి ఖాళీగా ఉన్న దినచర్యను అధ్యాపకుడు అనుమానించాలి. తరువాతి సంవత్సరపు ప్రశ్న పుట్టేది ఆ గడిలోనే. స్నాతకోత్తర విద్యకు పరిశోధనాంశం ఎంచుకునేటపుడు గాని, ఉద్యోగపు మౌఖిక పరీక్షలో గాని విద్యార్థికి అండగా నిలిచేది కూడా ఈ పుస్తకమే.

ముగింపు

వ్యవసాయ విద్యార్థి ఇంటర్న్‌షిప్ ప్రణాళికను సెలవుల పట్టికతో పాటు పంట కాలాన్ని కూడా ఎదుట ఉంచుకొని తయారు చేసుకోవాలి. మొదటి సంవత్సరం మట్టి, రెండవ సంవత్సరం విత్తనం, కోత, మూడవ సంవత్సరం ఒక ప్రశ్న, నాలుగవ సంవత్సరం ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని గ్రామానికి చేర్చడం అనే క్రమం ఏ పంటకైనా, ఏ మండలానికైనా అన్వయించదగినది. కళాశాలలు గ్రామ దస్త్రాలను, సొంత ఊరి పనికి గుర్తింపును, విస్తరణ కేంద్రాలు నిర్దిష్టమైన పని అప్పగింతను సమకూర్చగలిగితే ఈ క్రమానికి అదనపు వ్యయం పెద్దగా అవసరం కాదు. రేపు ఇదే విద్యార్థి వ్యవసాయాధికారిగా ఒక మండలంలో బాధ్యత స్వీకరించినపుడు, తొలి వానాకాలంలోనే రైతు అడిగే మొదటి ప్రశ్నకు అతడు పొలాన్ని చూసి సమాధానం చెప్పగలగాలి. ఆ సంసిద్ధతకు పునాది మొదటి సంవత్సరపు వేసవిలోనే పడవలసి ఉంది.